కరోనా సాయం ఎవరి ఖాతాలో పడింది

2020 ఏప్రిల్ నెలలో ఒక ఉదయం మా నాన్నగారి ఫోనుకు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. పీఎం కిసాన్ పథకం కింద ఆయన ఖాతాలో 2,000 రూపాయలు జమ అయ్యాయని దాని సారాంశం. లాక్‌డౌన్ మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. నేను హైదరాబాదులో పని మానుకుని, రాకపోకలు ఆగిపోకముందే బయలుదేరి, రావులపాలెం దగ్గర గోదావరి లంకను ఆనుకుని ఉన్న మా ఊరు చేరుకున్నాను. సందేశం చదివి వినిపించమని నాన్నగారు ఫోను నా చేతికిచ్చారు. విన్నాక కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, "పొలంలోకి దిగి నాకు పదేళ్లు దాటింది కదరా" అన్నారు.

మాకున్నది రెండెకరాలు. మోకాళ్ల నొప్పులు మొదలైన దగ్గర నుంచి ఆయన సాగు మానేసి, ఆ పొలాన్ని ఊళ్లోనే ఉన్న ఒక రైతుకు కౌలుకిచ్చారు. ఆ రైతుకు సెంటు భూమి కూడా లేదు. మా రెండెకరాలూ, మా చుట్టాలవే మరో ఎకరన్నరా కలిపి అరటి వేస్తాడు. పిలక నాటిన రోజు నుంచి గెల దిగే రోజు వరకు తోటలో ఏ చెట్టు ఎలా ఉందో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. అయినా ప్రభుత్వ రికార్డులో ఆ భూమికి రైతు మా నాన్నగారు. పట్టాదారు పాసుపుస్తకంలో ఆయన పేరుంది, వన్‌బీ అనే రెవెన్యూ భూమి రికార్డులో ఆయన పేరుంది, కాబట్టి పథకం సొమ్ము ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. కరోనా కాలంలో రైతులకు అందిన సాయం గురించి ఎన్నో లెక్కలు ఇప్పటికీ వినిపిస్తుంటాయి గానీ, మా ఇంటి గడప దగ్గర నేను చూసిన లెక్క ఇది, దీన్ని వివరంగా రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ ఏడాది మార్చి నెలాఖరుకు మా తోటలో దాదాపు సగం గెలలు కోతకొచ్చాయి. అరటి సంగతి తెలిసినవారికి ఇక్కడి ఇబ్బంది చెప్పనక్కరలేదు. ధాన్యమైతే బస్తాలకెత్తి వసారాలో పెట్టుకోవచ్చు, పసుపైతే ఉడకబెట్టి ఎండేసి ధర వచ్చేదాకా ఆగవచ్చు. అరటి గెలకు అంత ఓపిక ఉండదు. కాయ నిండి, పలకలు పోయి, గుండ్రబడిందంటే కోయాలి, కోసిన రెండు మూడు రోజుల్లో అమ్మాలి. కోయకపోతే చెట్టు మీదే ముగ్గి, కాయ పగిలి, పక్షుల పాలవుతుంది. మామూలు రోజుల్లో తెల్లవారకముందే సైకిళ్లకు ఇటు నాలుగు అటు నాలుగు గెలలు కట్టుకుని మా దారి వెంట రైతులు రావులపాలెం మార్కెట్టుకు బారులు తీరి నడిచేవారు. అక్కడి నుంచి లారీలు ఒడిశాకూ తమిళనాడుకూ తెలంగాణకూ వెళ్లేవి. మార్చి 24 అర్ధరాత్రి నుంచి ఆ దారి ఖాళీ అయింది. వ్యవసాయ పనులకూ మార్కెట్లకూ మినహాయింపు ఇస్తూ మార్చి 27న కేంద్రం ఉత్తర్వులిచ్చిన మాట నిజమే గానీ, ఉత్తర్వు ఢిల్లీలో వెలువడినంత మాత్రాన సరిహద్దు దగ్గర లారీ కదలదు, అవతలి ఊరిలో దుకాణం తెరుచుకోదు, పెళ్లిళ్లూ ఉత్సవాలూ ఆగిపోయిన చోట అరటిపండు కొనేవారుండరు. శ్రీరామనవమి ఏప్రిల్ 2న వచ్చింది. ఏటా ఆ వారంలో గెలకు మంచి ధర పలికేది. ఆ సంవత్సరం అడిగిన నాథుడే లేడు.

ఒక సాయంత్రం నేను తోటకు వెళ్లేసరికి మా కౌలు రైతు ఒక్కడే కత్తి పట్టుకుని ముగ్గిన గెలలను కోసి గట్టు మీద పెడుతున్నాడు. కూలీలను పిలవలేదు. అమ్ముడుపోని కాయకు కోత కూలి ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తానని అడిగాడు. పక్కన అతని కొడుకు, పదిహేనేళ్లవాడు, బాగున్న అత్తాలను విడదీసి బుట్టలో సర్దుతున్నాడు. మిగిలినవి గేదెలకు. గెల బరువుకు చెట్టు ఒరిగిపోకుండా ఊతంగా పెట్టిన వెదురు గెడలకు కూడా ఆయన అప్పు చేసే డబ్బిచ్చాడని ఆ రోజే నాకు తెలిసింది. ఆ కాయను ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఇచ్చుకుంటూ, ఎవరైనా పదీ ఇరవై చేతిలో పెడితే తీసుకుంటూ, రెండు వారాలు గడిపాడు.

ఇక ప్రభుత్వ సాయం దగ్గరికి వస్తాను. 2020 మార్చి 26న కేంద్రం 1 లక్షా 70 వేల కోట్ల రూపాయలతో గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించింది. అందులో రైతుల వాటాగా చెప్పింది పీఎం కిసాన్ 2,000 రూపాయలు. దాదాపు 8.7 కోట్ల మంది రైతులకు ఏప్రిల్ మొదటి వారంలోనే వేస్తామన్నారు, చాలా వరకు మాట నిలబెట్టుకున్నారు కూడా. అయితే ఆ పథకం 2019 ఫిబ్రవరిలోనే మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలను నాలుగు నెలలకొకసారి మూడు విడతలుగా వేయడం దాని పద్ధతి. ఏప్రిల్ నుంచి జులై లోపు ఎప్పుడో ఒకప్పుడు రావలసిన విడతను ముందుగా వేశారు, అంతే. కొత్తగా ఒక్క రూపాయి చేరలేదు. చేతిలో పైసా ఆడని రోజుల్లో రెండు మూడు నెలలు ముందుగా వచ్చిన రెండు వేలకు విలువ లేదని నేననను. మా వీధిలో ఆ డబ్బుతో మందులు కొనుక్కున్నవారిని చూశాను. కానీ కరోనా నష్టానికి పరిహారం అని దానిని పిలవడానికి నాకు మనసొప్పడం లేదు.

మన రాష్ట్రంలో దానికి వైఎస్సార్ రైతు భరోసా తోడైంది. 2019 అక్టోబరులో మొదలైన ఆ పథకం కింద కేంద్రం ఇచ్చే 6,000కు రాష్ట్రం 7,500 కలిపి ఏడాదికి 13,500 రూపాయలు రైతు కుటుంబానికి ఇచ్చేవారు. ఖరీఫ్ ముందు 7,500 వేయాలి కాబట్టి, ఏప్రిల్‌లో పడిన 2,000 పోను మిగిలిన 5,500 రూపాయలను 2020 మే 15న వేశారు. అదీ మా నాన్నగారి ఖాతాలోనే పడింది. అరటి గెలలు గట్టు మీద కుళ్లిన ఆ రెండు నెలల్లో, ఆ భూమి పేరు మీద వచ్చిన సాయం మొత్తం 7,500 రూపాయలు. అందులో అరటి వేసినవాడికి చేరినది సున్నా.

తెలంగాణలో చెల్లింపు విధానం వేరు. అక్కడ రైతుబంధు కింద ఎకరానికి సీజనుకు 5,000 రూపాయల చొప్పున పట్టాదారుకు ఇచ్చేవారు. 2020 వానాకాలం సొమ్ము కూడా జూన్ నెలలో చాలా వేగంగా ఖాతాల్లో పడింది. ఎకరాలు పెరిగే కొద్దీ సొమ్ము పెరిగేది, పరిమితి లేదు. కౌలు రైతుకు అందులో చోటు లేదని ఆ ప్రభుత్వమే మొదటి నుంచి స్పష్టంగా చెప్పింది. మన దగ్గర కుటుంబానికి ఇంత అని ఇవ్వడం వల్ల అరెకరం ఉన్నవారికీ పదెకరాలున్నవారికీ ఒకే మొత్తం అందేది, ఈ ఒక్క విషయంలో మన పద్ధతి మెరుగైనదని నేననుకుంటాను. కౌలు రైతుకు కూడా ఇక్కడ కాగితం మీద చోటుండేది. ఆ చోటు ఎంత ఇరుకుగా ఉండేదో తర్వాత చెబుతాను.

మా కౌలు రైతు కుటుంబానికి ఆ కాలంలో అసలేమీ అందలేదా అంటే, అందింది. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి ఏప్రిల్ మొదట్లో ప్రభుత్వ గ్రామ వాలంటీరు ఇంటికి వచ్చి వెయ్యి రూపాయలు ఇచ్చి వెళ్లాడు. మనిషికి నెలకు అయిదు కిలోల చొప్పున ఉచిత బియ్యం వచ్చింది. ఆయన భార్యకు జనధన్ ఖాతా ఉండటం వల్ల ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు 500 చొప్పున పడ్డాయి. ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోలేదంటే వీటి వల్లనే, అందుకు నేను కృతజ్ఞుడిని. కానీ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒక విషయం బలంగా తగిలింది. ప్రభుత్వం ఆయనను పేదవాడిగా గుర్తించింది, రైతుగా గుర్తించలేదు. ఆయన ఆకలిని లెక్కలోకి తీసుకుంది గానీ ఆయన పెట్టుబడిని తీసుకోలేదు. మూడున్నర ఎకరాల అరటికి పిలకలు, ఎరువులు, వెదుర్లు, కూలీలు, ముందుగా కట్టిన శిస్తు (కౌలు సొమ్ము), ఇవన్నీ పోగొట్టుకున్న మనిషికీ, ఏమీ పోగొట్టుకోని మనిషికీ ఒకే బియ్యం సంచి అందింది.

అప్పుల సంగతి ఇంకా బాధాకరం. ఆ రెండెకరాల పాసుపుస్తకం మీద బ్యాంకులో మా నాన్నగారికి పంట రుణం ఉంది. సకాలంలో కడితే నాలుగు శాతం వడ్డీయే పడుతుంది. కరోనా వల్ల ఆ గడువును కేంద్రం మొదట మే 31 వరకు, తర్వాత ఆగస్టు 31 వరకు పొడిగించి, అప్పటిదాకా అదే తక్కువ వడ్డీ వర్తిస్తుందని చెప్పింది. ఆ వెసులుబాటు మాకు దొరికింది. పంట వేసినవాడు మాత్రం నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. అతనికి అప్పిచ్చినవారెవరూ లాక్‌డౌన్ అని ఒక్క నెల వడ్డీ ఆపలేదు. ఒకే సర్వే నంబరు మీద రెండో రుణం ఇవ్వరు కాబట్టి, మేము తీసుకున్న పంట రుణమే ఆయనకు బ్యాంకు తలుపు మూసేసింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. డెల్టా గ్రామాల్లో ఎన్నో ఇళ్లలో ఇదే జరుగుతోంది, మా ఇల్లు అందుకు మినహాయింపు కాలేదు.

మే 15న సొమ్ము పడిన రెండు రోజులకు నాన్నగారు ఆయనను ఇంటికి పిలిపించారు. వరండాలో దూరంగా నిలబడబోతుంటే కుర్చీ వేయించి కూర్చోబెట్టి, 7,500 రూపాయలు కవరులో పెట్టి చేతికివ్వబోయారు. ఆయన తీసుకోలేదు. "ఈ డబ్బు నాకొద్దండి బాబాయ్ గారూ. శిస్తులో తగ్గించుకోండి చాలు. తమరు దయగా ఇస్తే ఈ ఒక్కసారికి వస్తుంది. కార్డు కాగితం మీద సంతకం పెడితే నా పేరు మీద వస్తుందండి" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. ఎన్నాళ్లుగానో అడగాలనుకుని ఆగిన మాటను ఆ రోజు అడిగాడు.

ఆ కాగితం పంట సాగుదారు హక్కుల పత్రం. మన రాష్ట్రంలో 2011లో వచ్చిన చట్టం కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చేవారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమాని, కౌలుదారు ఇద్దరూ పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం చేస్తే ఆ పత్రం ఇస్తారు. దానితో బ్యాంకు రుణానికి, పంట బీమాకు, విపత్తులో పంట పోతే ఇచ్చే పెట్టుబడి రాయితీకి, పంట అమ్ముకోవడానికి కౌలు రైతు తన సొంత పేరుతో వెళ్లవచ్చు. భూమి మీద మాత్రం దాని వల్ల ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. అయినా యజమానులు సంతకం పెట్టరు. ఈ భయానికి పాత మూలాలున్నాయి. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, దానికి 1974లో వచ్చిన సవరణ కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చాయి. ఆ రోజుల్లో కోర్టుల చుట్టూ తిరిగిన భూస్వాముల కథలు మా తాతగారి తరం నుంచి ఇళ్లలో చెప్పుకుంటూనే ఉన్నారు. అందుకే ఈనాటికీ కౌలు ఒప్పందం నోటి మాట మీదే నడుస్తుంది. శిస్తు నోట్లు లెక్కపెట్టి తీసుకునే చెయ్యి కాగితం దగ్గర వెనక్కి వెళ్తుంది.

రైతు భరోసాలో కౌలు రైతుకున్న చోటు ఇరుకు అన్నాను. సెంటు భూమి కూడా లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలు రైతులకే ఆ సొమ్ము వర్తించేది, అదీ ఈ పత్రం ఉంటేనే. వారికి కేంద్రం ఇవ్వదు కాబట్టి మొత్తం 13,500 రాష్ట్రమే భరించేది. ఇది మంచి నిర్ణయం. కానీ సాయం రావాలా వద్దా అన్నది యజమాని సంతకం మీద వదిలేసిన తర్వాత, అర్హుడైన కౌలు రైతు కూడా ఒకరి ఇంటి గుమ్మంలో నిలబడక తప్పలేదు. మా కౌలు రైతు బీసీ వర్గానికి చెందినవాడు, భూమి లేనివాడు. అన్ని అర్హతలూ ఉన్నాయి. లేనిది మా సంతకం ఒక్కటే.

నాన్నగారు ఆ రోజు ఏమీ తేల్చలేదు. ఆయన మంచివారే, శిస్తులో సగం వదిలేశారు కూడా. సంతకం దగ్గర మాత్రం నెలన్నర ఆలోచించారు. ఆ చట్టంలోని ఒక్కొక్క మాటనూ రోజూ రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించేవాడిని. పదకొండు నెలల తర్వాత పత్రం చెల్లదన్న వాక్యాన్ని నాలుగైదు సార్లు చదివించుకున్నారు. చివరికి జులైలో, మా ఊళ్లో కొత్తగా తెరిచిన రైతు భరోసా కేంద్రానికి, మూతికి కండువా కట్టుకుని, నా భుజం పట్టుకుని నడిచి వచ్చారు. అంతకుముందు మే 30న రాష్ట్రమంతటా 10,641 కేంద్రాలను ఒకేసారి ప్రారంభించారు, మా ఊరిది వాటిలో ఒకటి. లోపల ఇంకా రంగు వాసన వస్తోంది. నాన్నగారు సంతకం పెట్టాక, కౌలు రైతు కాగితం మీద వంగి తన పేరును కూడబలుక్కుని చదువుకుని, దాని కింద వేలితో ఒక గీత గీసినట్లు రాసుకుని, అప్పుడు తన సంతకం పెట్టాడు.

ఆ పత్రం ఎందుకు పనికొస్తుందో నెల తిరక్కుండానే తెలిసింది. ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 60 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు. లంక తోటలన్నీ రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. అరటి దుంప నాలుగు రోజులు నీళ్లలో ఉంటే కుళ్లుతుంది, ఆకు పచ్చగానే కనబడుతూ మొక్క లోపల చచ్చిపోతుంది. వేసవిలో అమ్ముకోలేక పోయిన తోట, ఈసారి నిలబడలేక పోయింది. అయితే ఈసారి నష్టం రాయడానికి వచ్చినవారి దగ్గర ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో రాసే ఈ-క్రాప్ నమోదులో మా రెండెకరాలకు సాగుదారుగా ఆయన పేరే ఉంది. అక్టోబరు 27న రైతు భరోసా రెండో విడతతో పాటు, జూన్ నుంచి సెప్టెంబరు వరకు పంటలు పోయినవారికి పెట్టుబడి రాయితీని కూడా విడుదల చేశారు. ఆ రాయితీ మా నాన్నగారి ఖాతాకు రాకుండా, తోట పోగొట్టుకున్న మనిషి ఖాతాకు వెళ్లింది. నష్టం మొత్తంలో అది ఎన్నో వంతు అని అడిగితే చాలా చిన్న వంతే. అయినా తన పేరుతో వచ్చిన ఆ సందేశాన్ని చూపించడానికి ఆయన మా ఇంటికి వచ్చాడు. ఫోనులో అక్షరాలు సరిగా కనబడక, ఎండ పడని చోటికి జరిగి, మా అమ్మగారికి కూడా చూపించాడు.

ఈ అనుభవం తర్వాత నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటే. విపత్తు సాయం భూమి రికార్డును చూసి ఇవ్వకూడదు, పంట నమోదును చూసి ఇవ్వాలి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందన్నదే ప్రమాణం. ఆదాయపు పన్ను కట్టేవారిని, పెద్ద పింఛను తీసుకునేవారిని తప్పించారు గానీ, ఆ భూమిని దున్నేది ఎవరన్న ప్రశ్న ఆ దరఖాస్తులో ఎక్కడా లేదు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, ఎవరు వేశారు అన్నది ఊరి స్థాయిలో నమోదు చేసే ఏర్పాటు మనకు ఉండనే ఉంది. ఆ నమోదుకు యజమాని సంతకం ఎందుకు అడ్డు రావాలి? పొలంలో నిలబడిన మనిషిని, చుట్టుపక్కల రైతులను అడిగితే సాగు ఎవరిదో అర్ధగంటలో తేలిపోతుంది. ఊళ్లో తెలియని విషయం కాదది.

అమెరికాలో కరోనా కాలంలో రైతులకిచ్చిన సాయాన్ని గురించి అక్కడున్న మా చుట్టం ఒకాయన ద్వారా విని, తర్వాత వివరంగా చదివాను. 2020 ఏప్రిల్ 17న అక్కడి వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రకటించి, అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకు చెల్లిస్తామంది. ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల వరకు పరిమితి పెట్టడం వల్ల పెద్ద కమతాలకే ఎక్కువ వెళ్లిందని, ఊరి సంతలో అమ్ముకునే చిన్న తోటలవారికి దక్కింది తక్కువని అక్కడా విమర్శలొచ్చాయి. అవి న్యాయమైనవే. కానీ ఒక నియమం మాత్రం నన్ను ఆకట్టుకుంది. పంటలో నష్టభయాన్ని పంచుకున్నవారికే ఆ సాయం. పొలాన్ని నగదు కౌలుకిచ్చి శిస్తు తీసుకునే యజమానికి అది రాదు. పంటలో వాటా తీసుకునే యజమాని అయితే, ఆ వాటా మేరకే వస్తుంది. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు, ఎవరు నష్టపోయారని ముందుగా అడగడమే ఉంది.

ఆ విషయం చెప్పిన చుట్టమే మిగతా ఎకరన్నర యజమాని. మా నాన్నగారికి వరుసకు తమ్ముడు. ఆయన పొలానికి ఇప్పటికీ పత్రం లేదు, ఆ ఎకరన్నరలో పోయిన అరటికి ఆ అక్టోబరులో ఎవరికీ ఏమీ రాలేదు. మా రెండెకరాలకు మాత్రం ఆనాటి నుంచి నేనే ఊరికి వెళ్లి, నాన్నగారిని వెంటబెట్టుకుని, ఏటా ఒప్పందం తిరగరాయించి వస్తున్నాను. బాబాయ్‌కు ప్రతిసారీ ఫోను చేస్తాను. "చూద్దాంరా, ఈసారి వచ్చినప్పుడు చూద్దాం" అంటారు. ఈ సంక్రాంతికి ఊరికి వస్తున్నారట. పత్రం నమూనా రెండు కాపీలు తీసి, సర్వే నంబర్లు నింపి, నాన్నగారి పాసుపుస్తకంలో పెట్టి ఉంచాను.